ఓడ మల్లయ్యకు ఒక ఉత్తరం

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. క్రైస్తవ మిషన్ ఓడ మీద రెండేళ్లు పనిచేసి ఇంటికొచ్చిన వాళ్లకు ఈ సామెత మామూలు కంటే కొంచెం గట్టిగానే తగులుతుంది. దిగే రోజు రేవులో ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. ఆరు నెలలు తిరిగేసరికి వాట్సాప్ గ్రూపులో పుట్టినరోజు కేకు బొమ్మలు తప్ప ఏమీ మిగలవు. ఏడాదికి అవీ ఆగిపోతాయి. ప్రేమ తగ్గి కాదు. థాంక్స్ చెప్పడానికి కూడా సరంజామా కావాలి, దాన్ని ఓడ మీద ఉండగానే సర్దుకోవాలి. ఈ సంగతి వెళ్లేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు తిరుగుతున్న లోగోస్ హోప్ సంగతే తీసుకుందాం. 1973లో కార్లను, మనుషులను దాటించే ఫెర్రీగా కట్టారు. 2004లో మిషన్ పనికి కొన్నారు. మరమ్మతులన్నీ అయ్యి 2009 నుంచి పుస్తకాల ఓడగా దేశాలు తిరుగుతోంది. పొడవు 132 మీటర్లు. అందులో సుమారు 60 దేశాల వాళ్లు కలిసి బతుకుతారు. కెప్టెన్ దగ్గర్నుంచి గిన్నెలు కడిగే కుర్రాడి దాకా ఎవరికీ జీతం లేదు. ఎవరి ఖర్చు వాళ్లే సొంత సంఘం (చర్చి) నుంచీ, తెలిసినవాళ్ల నుంచీ తెచ్చుకోవాలి. మామూలు ఒప్పందం రెండేళ్లు.

అక్కడ స్నేహాలు ప్రార్థన కూడికల్లో పుడతాయని బయటివాళ్లు అనుకుంటారు. నా లెక్కలో అవి ఎక్కువగా పుట్టేది క్యాబిన్‌లో, వంటగదిలో. కిటికీ లేని గది, ఒకరి మీద ఒకరికి బెర్తులు, ఒక్కొక్కరిది ఒక్కో డ్యూటీ. ఇంజిన్ గదిలో పన్నెండు నుంచి నాలుగు దాకా కాపలా చేసినవాడు తెల్లవారుజామున గదికి వస్తాడు. చెప్పులు చేతిలో పట్టుకుంటాడు. ఫోను వెలుగు గోడవైపు తిప్పుకుని, తలుపు గొళ్లెం చప్పుడు కాకుండా రెండో చేత్తో ఒత్తిపట్టి మూస్తాడు. పొద్దున్నే ఆరింటికి లేచి పుస్తకాల హాలులో నిలబడాల్సిన వాడికి ఆ రెండు గంటల నిద్ర అలా దక్కుతుంది. అలాగే అన్నంలోకి కారం లేక అల్లాడే తెలుగువాడి వైపు తన గోచుజాంగ్ (కొరియా మిరప ముద్ద) డబ్బా జరిపే కొరియా కుర్రాడు ఉంటాడు. ఒంటరిగా వచ్చిన యువతీయువకులను నలుగురైదుగురిని పిల్లలున్న కుటుంబాలు తమవాళ్లుగా కలుపుకుంటాయి, దాన్ని షిప్ ఫ్యామిలీ అంటారు. వారానికో పూట వాళ్ల గదిలో కూర్చుని, ఆ చంటిపిల్లలతో ఆడుకుని వస్తే ఇంటి బెంగ సగం తీరుతుంది.

ఇవి ఏ రిపోర్టులోనూ ఎక్కవు. రిపోర్టులో ఫలానా రేవులో ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు అమ్ముడుపోయాయి అని ఉంటుంది. అందుకే చాలామంది కృతజ్ఞతలు కూడా రిపోర్టు లాగే రాస్తారు: "మీ అందరి ప్రేమకు, సహకారానికి వందనాలు." ఇది ఎవరికీ అందదు. అందరికీ అని రాసింది ఎవరికి వాళ్లు పక్కవాళ్లకేలే అనుకుంటారు.

అపొస్తలుడైన పౌలు ఈ పని ఎలా చేశాడో బైబిల్లోని రోమా పత్రిక, అంటే రోములోని విశ్వాసులకు అతను రాసిన ఉత్తరం, 16వ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయాన్ని పేర్ల జాబితా అని దాటేస్తాం గానీ, వందనాల ఉత్తరం రాయడానికి అంతకంటే మంచి నమూనా లేదు. పాతికమంది దాకా మనుషులు, వాళ్లలో చాలామంది పక్కన ఒక్కో సంగతి. ఫీబే అనేకులకు, తనకు కూడా సాయపడింది. ప్రిస్కిల్ల, అకుల అతని ప్రాణం కోసం తమ ప్రాణాలకు తెగించారు. వాళ్లతో అతని పరిచయం మొదలైంది కొరింథులో, డేరాలు కుట్టే పని దగ్గర. అంటే వాళ్లు కూడా పనిలో దొరికిన స్నేహితులే. రూఫు తల్లి పేరైనా రాయలేదు, కానీ ఆవిడ నాకూ తల్లే అన్నాడు. ఆ ఒక్క ముక్కతో ఆవిడ పెట్టిన అన్నం కనిపిస్తుంది. ఉత్తరం చేత్తో రాసిన తెర్తియు మధ్యలో తన వందనం తానే చేర్చుకున్నాడు. రాయసకాడికి కూడా అందులో చోటుంది.

అలా రాయాలంటే ఏం జరిగిందో గుర్తుండాలి. అందుకని దిగడానికి ఆరు వారాల ముందే ఒక నోటుబుక్కు తెరవాలి. వందపేజీల లాంగ్‌బుక్ చాలు, మనిషికో పేజీ. ఆ పేజీలో పూర్తి పేరు వాళ్ల చేతే రాయించాలి, వీలైతే వాళ్ల లిపిలో కూడా. సొంతూళ్లో మారని చిరునామా, అంటే తల్లిదండ్రులదో అన్నదో. సొంత ఈమెయిల్. పుట్టినరోజు. పంపిన సంఘం పేరు. మిగతా జాగాలో ఆ మనిషి చేసిన ఒక్క పని, తేదీతోనో రేవు పేరుతోనో. చివరి వారంలో మొదలుపెడితే కుదరదు. ఆ వారమంతా సామాను సర్దడం, పనులు అప్పగించడం, వీడ్కోలు భోజనాలతోనే సరిపోతుంది.

పేర్ల దగ్గరే ఎక్కువ తప్పులు దొర్లుతాయి. కొరియావాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది మనలాగే. ఫోనులో "కిమ్" అని దాచుకుంటే ఏడాది తర్వాత నలుగురు కిమ్‌లలో ఎవరో తేలదు. బ్రెజిల్ వాళ్లకు ఇంటిపేర్లు రెండు ఉండొచ్చు. మన సంగతి ఇంకా తమాషా. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో పడితే దాన్ని బట్టి పిలుస్తారు, రెండేళ్లూ "కొమ్మినేని" అనే పిలుపుకే పలుకుతూ గడిపి, ఇంటికొచ్చాక అసలు పేరుతో ఈమెయిల్ పంపితే అవతలివాళ్లు ఇదెవరో అనుకుని పక్కన పెడతారు. సబ్జెక్ట్ లైనులో ఓడ మీద పిలిచిన పేరే వేయండి.

ఓడ సంస్థ ఇచ్చిన ఈమెయిల్ దిగిన కొన్నాళ్లకు ఆగిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. రేవు రేవుకీ కొన్న సిమ్ నంబర్లు అంతకంటే అన్యాయం. ఆ నంబరు మీద వాట్సాప్ తెరిస్తే, నంబరు గడువు తీరి వేరేవాళ్ల చేతికి వెళ్లిన రోజున మన ఖాతా గల్లంతవుతుంది. వాట్సాప్ ఇండియా నంబరు మీదే ఉంచుకోవాలి. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు వాడకుండా, బ్యాలెన్స్ లేకుండా పడి ఉంటే కట్ అవుతుంది. ఇంట్లో ఎవరినైనా రీచార్జి చేస్తూ ఉండమని చెప్పి వెళ్లాలి.

ఇక ఉత్తరం. ఇంటికొచ్చిన నెలలోపు రాయాలి, ఆలస్యమైన కొద్దీ క్షమాపణలే సగం పేజీ తింటాయి. మనవాళ్ల ఇంగ్లిషు ఉత్తరాలకు ఒక జబ్బుంది: "ప్రభువు సాటిలేని నామమున" అని మొదలుపెట్టి, మొదటి పేరా అంతా వందనాలు, రెండో పేరా అంతా దీవెనలు. విదేశాల్లో ఇలాంటి ఉత్తరాలు చూసి చూసి ఉన్నవాళ్లు మూడో పేరాలో డబ్బు మాట వస్తుందని అక్కడే ఆపేస్తారు. మొదటి వాక్యంలోనే సంగతికి రండి. "నువ్వు నాలుగింటికి చెప్పులు చేతిలో పట్టుకుని వచ్చేవాడివి, నాకు తెలుసు, నేను మేలుకునే ఉన్నాను" అని రాస్తే ఆ ఉత్తరం దాచుకుంటాడు. ఆ తర్వాత దానివల్ల మనకేం మేలైందో ఒక మాట, ఇప్పుడు మనం ఏం చేస్తున్నామో రెండు మాటలు, వాళ్లను ఒక ప్రశ్న. అరపేజీ చాలు. కొరియన్‌లోకో పోర్చుగీస్‌లోకో యాప్‌తో మార్చి పంపేటట్టయితే, మారినదాన్ని మళ్లీ ఇంగ్లిషులోకి తిప్పి చదవండి. "కడుపు నింపావు" లాంటి మాటలు అక్కడ ఏ రూపం ఎత్తుతాయో చెప్పలేం. కింద ఇంగ్లిషు కూడా ఉంచితే అనుమానం తీరుతుంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగునాట ఇలాంటి స్నేహాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. థాంక్స్ ఉత్తరంలో అవసరం రాయకూడదు, ఎంత న్యాయమైనదైనా సరే. మందిరం పైకప్పు, అనాథపిల్లల ఫీజులు, పాస్టరుగారి బైకు, ఏదైనా కావచ్చు. ఒక్కసారి రాస్తే వెనకటి థాంక్స్ అంతా దానికి పీఠికలా కనిపిస్తుంది. అడగకపోయినా వాళ్లే పంపుతామంటే చట్టం సంగతి చెప్పాలి. సంఘానికో ట్రస్టుకో విదేశీ విరాళం తీసుకోవాలంటే 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. "నా సొంత ఖాతాకు పంపు, నేను సంఘానికి ఇస్తాలే" అన్నది సాయంలా కనిపించే చిక్కు. ఆ చిక్కులో స్నేహితుడి పేరు కూడా ఉంటుంది.

పిలుపులూ అంతే. ప్రేమకొద్దీ "మా ఊరు రా, మన సభల్లో వాక్యం చెబుదువుగాని" అంటాం. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు మందిరానికి వచ్చి కూర్చోవచ్చు, ప్రసంగాలు చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. తప్పితే వెనక్కి పంపేస్తారు, మళ్లీ రాకుండా చేస్తారు. సభ పోస్టరు మీద అతని ఫొటో వేసి ఫేస్‌బుక్‌లో పెడితే మన చేత్తో మనమే సాక్ష్యం ఇచ్చినట్టు. ఇంటికి పిలవండి, పప్పుచారు పెట్టండి, గోదావరి చూపించండి. ఇంట్లో విదేశీయుడు బస చేస్తే 24 గంటల్లోగా ఆ వివరాలు ఆన్‌లైన్‌లో నింపడం మాత్రం మర్చిపోకండి. ఎదురు సంగతి కూడా ఉంది: ఓడ దిగిన స్నేహితుల్లో కొందరు మత ప్రచారానికి కట్టడి ఉన్న దేశాల్లో పని చేస్తుంటారు. వాళ్ల ఫొటోకు ట్యాగ్ చేయడం, మెసేజిలో మిషనరీ అని, పరిచర్య అని రాయడం వాళ్ల వీసాకే ఎసరు. ఏ మాటలు వాడొచ్చో ముందే అడిగి, నోటుబుక్కులో ఆ పేజీ పైన ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోవాలి.

కానుక పంపాలనిపిస్తే ఆవకాయ జోలికి పోవద్దు. నూనె కారితే పార్సిలే కాదు, పక్క పార్సిళ్లూ పోతాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో తిండి పదార్థాలు, గింజలు, చెక్క వస్తువుల మీద తనిఖీ చాలా గట్టిగా ఉంటుంది. కొండపల్లి బొమ్మ చెక్కే కదా, అక్కడికి అదీ ఇబ్బందే. అన్ని దేశాలకూ సరిపోయేది గుడ్డ. పెడన కలంకారీ గుడ్డ మీటరున్నర తీసుకుంటే మడతపెట్టి కవరులో పడుతుంది, పగలదు, చెడదు. ప్యాకెట్టు మీద లోపల ఏముందో చెప్పే కస్టమ్స్ చీటీ అతికించాలి. అందులో "గిఫ్ట్" అని ఒక్కటే రాస్తే ఆపుతారు. కాటన్ గుడ్డ, ఎన్ని, బరువు, ధర అని ఇంగ్లిషులో రాయాలి. వ్యక్తులు పంపుకునే కానుకలకు యూరోపియన్ యూనియన్ దేశాల్లో 45 యూరోల దాకా, బ్రిటన్‌లో 39 పౌండ్ల దాకా దిగుమతి పన్ను ఉండదు. దాటితే కానుక పుచ్చుకున్నవాళ్లే డబ్బు కట్టి విడిపించుకోవాలి. అది కానుక అనిపించుకోదు.

ఫోను మాట్లాడుకోవాలంటే మన అరగంట తేడా అందరినీ తికమకపెడుతుంది. శనివారం రాత్రి ఏడున్నరకు ఇక్కడ కూర్చుంటే కొరియాలో రాత్రి 11, బ్రెజిల్‌లో సావోపాలో వైపు పొద్దున 11, జర్మనీలో చలికాలం మధ్యాహ్నం 3, ఎండాకాలం 4. పాపువా న్యూగినీ వాళ్లకు అర్ధరాత్రి. కాబట్టి ఒక్క గ్రూపు కాల్‌లో అందరికీ కుదరదు, మూడు నెలలకోసారి వేళ మార్చి ఒకరి నిద్ర ఇంకొకరు పంచుకోవాలి. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల ఆఖరి ఆదివారం గడియారాలు మారతాయి. ఆ వారం కాల్ తప్పిపోయిందని అలిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

చివరికి మిగిలేది ఓడ ఎక్కనివాళ్లు. నెలనెలా రెండొందలు పంపిన సంఘంలోని ముసలమ్మకు వాట్సాప్ లేదు. రేవులో తెలుగువాడి ఇంగ్లిషును స్వాహిలీలోకో స్పానిష్‌లోకో మార్చిన వలంటీరు మూడు రోజులే కనిపించాడు, పేరు కూడా సగమే గుర్తు. ముసలమ్మ ఇంటికి నడిచి వెళ్లాలి. వలంటీరు విషయంలో అతన్ని పంపిన స్థానిక సంఘానికి రాయొచ్చు, ఓడ వచ్చిన తేదీలు చెబితే వాళ్లు పోల్చుకుంటారు. 1903లో నెల్లూరు నుంచి తెలుగు బాప్తిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్యకు పంపారు. 1915లో ఆయన కన్నుమూసేదాకా ఉత్తరాలు ఓడల మీదే నడిచాయి. మనకు ఆ సాకు లేదు.

పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర, త్రోయ అనే ఊళ్లో కర్పు అనే అతని దగ్గర వదిలిన అంగీ, పుస్తకాలు తెమ్మని, చలికాలం రాకముందే రమ్మని అడుగుతాడు. నవంబరు మధ్య నుంచి మార్చి దాకా మధ్యధరా సముద్రం మీద ఓడలు దాదాపు ఆగిపోయేవి, ఆ తర్వాత రావడం కుదరదు. ఇప్పుడు ఆగేది పోస్టాఫీసుల్లో డిసెంబరు రద్దీ. క్రిస్మస్‌కు అందాలంటే కార్డులు నవంబరు మొదటి వారంలోనే పడాలి. కవరు మీద చిరునామా విడివిడి పెద్ద అక్షరాల్లో, దేశం పేరు ఇంగ్లిషులో అట్టడుగు వరసలో. వెనకవైపు మన పేరు, ఓడ మీద పిలిచిన పేరు కూడా.