ఫోన్లకి వస్తున్న వైఫై ల్యాప్‌టాప్‌కి కనబడనే లేదు

మా నాన్నకి ఆదివారం పొద్దున ఏడు గంటలంటే పూజ టైమ్ లాంటిది. అప్పుడు డల్లాస్‌లో శనివారం రాత్రి ఎనిమిదిన్నర, మనవరాలు అన్నం తినేసి పడుకోబోయే ముందు తాతయ్యతో కబుర్లు చెప్తుంది. ఫోన్ స్క్రీన్ మీద ఆయనకి చూపు ఆనదు, అందుకే అక్క 2014లో అక్కడ కొనుక్కుని, వాడుకున్నాక ఇక్కడ వదిలేసి వెళ్ళిన పాత ల్యాప్‌టాప్ అంటే ఆయనకి ప్రాణం, శనివారం రాత్రే కండువాతో స్క్రీన్ తుడిచి ఛార్జింగ్ పెట్టుకుని పడుకుంటారు. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్‌కి కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించాం, రౌటర్ మార్చారు, అంతే ఆ ల్యాప్‌టాప్‌కి వైఫై పోయింది. మూడు ఆదివారాలు ఆయన ఫోన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడారు, నాకు అది చూడబుద్ధి కాలేదు.

విషయం ఏంటంటే, అమ్మ ఫోన్‌కి వస్తుంది, నా ఫోన్‌కి వస్తుంది, టీవీకి వస్తుంది. ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నొక్కితే ఎదురింటి వాళ్ళ పేరు కనబడుతుంది, కింద ఫ్లాట్ వాళ్ళది కనబడుతుంది, రౌటర్ పక్కనే కూర్చున్నా సరే మన పేరు మాత్రం లిస్టులో ఉండదు. పాస్‌వర్డ్ తప్పు కొడితే కనెక్ట్ అవకపోవడం వేరు, అసలు పేరే కనబడకపోవడం వేరు, ఈ తేడా నాకు మొదట్లోనే తట్టి ఉంటే రెండు వారాలు మిగిలేవి.

రౌటర్ ఆపి ఆన్ చేస్తే ఒకసారి వచ్చింది కూడా, ఆ రోజంతా పని చేసింది, మర్నాడు పొద్దున్నే మళ్ళీ మాయం. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడిని పిలిస్తే వచ్చి తన ఫోన్లో స్పీడ్ చూపించి, లైన్ బానే ఉంది సార్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది ప్రాబ్లం అని వెళ్ళిపోయాడు. రిపేర్ షాపులో చూపిస్తే పాత మోడల్ కదా సార్ వైఫై కార్డు పోయుంటుంది, మార్చాలంటే రెండు వేలు అవుద్ది అన్నారు. నేను డ్రైవర్ (వైఫై కార్డుని నడిపించే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్ళీ వేశాను, నెట్‌వర్క్ రీసెట్ చేశాను, ఏదీ కదల్లేదు. నాన్న అయితే "పోనీలేరా, ఫోన్లోనే మాట్లాడతాలే" అన్నారు, అంటే ఆయన ఆశ వదిలేసుకున్నారన్నమాట.

డబ్బులు కట్టే ముందు రాత్రి ఎందుకో నా ఫోన్లో హాట్‌స్పాట్ ఆన్ చేసి చూశాను. రెండు సెకన్లలో ల్యాప్‌టాప్ కనెక్ట్ అయిపోయింది, వీడియో కూడా ఆడింది. కార్డు పోతే హాట్‌స్పాట్ కూడా రాకూడదు కదా! అక్కడి నుంచి ల్యాప్‌టాప్‌ని వదిలేసి రౌటర్ మీద పడ్డాను.

ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వైఫై డ్రైవర్ వివరాలు చూపించే కమాండ్ కొడితే అందులో 802.11బి, జి, ఎన్ అని పాత వైఫై రకాల పేర్లు మాత్రమే ఉన్నాయి, అంటే ఇది వైఫై నడిచే రెండు రేడియో బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకునే కార్డు, 5 గిగాహెర్ట్జ్ దీనికి తెలీదు. సరే, రౌటర్ రెండూ ఇస్తుంది కాబట్టి 2.4 అయినా కనబడాలి కదా. ఫోన్ బ్రౌజర్లో మా రౌటర్ సెట్టింగ్స్ పేజీ అడ్రస్ 192.168.1.1 కొట్టి, రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న పాస్‌వర్డ్‌తో లోపలికెళ్ళి వైర్‌లెస్ సెట్టింగ్స్ తెరిచాను. ఛానల్ దగ్గర ఆటో అని ఉంది, దాని కిందే చిన్న అక్షరాల్లో ప్రస్తుతం వాడుతున్న ఛానల్ 13 అని ఉంది. ఆ 13 చూడగానే నాకు మొత్తం అర్థమైపోయింది.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఛానల్ అంటే రోడ్డు మీద లేన్ లాంటిది. ఒకటో ఛానల్ 2412 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలై, 5 మెగాహెర్ట్జ్‌కి ఒకటి చొప్పున పెరుగుతూ 13వది 2472 దగ్గర ఉంటుంది. మన దేశంలో 1 నుంచి 13 దాకా వాడుకోవచ్చు. అమెరికాలో అలా కాదు, అక్కడి రూల్స్ వల్ల పై ఛానల్స్‌లో పవర్ బాగా తగ్గించాలి, ఆ గొడవెందుకని అక్కడ అమ్మే సామాన్లలో చాలావాటికి 11తోనే ఆపేస్తారు. అక్క ల్యాప్‌టాప్ అక్కడ కొన్నది, దాని కార్డు 12, 13 వైపు చెవి కూడా పెట్టదు. రౌటర్ పక్కనే ఉన్నా దానికి మన వైఫై లేనట్టే లెక్క. అన్ని అమెరికా ల్యాప్‌టాప్‌లూ ఇలా ఉండవు, కొన్ని ఏ దేశంలో ఉన్నాయో చూసుకుని సర్దుకుంటాయి, ఇది సర్దుకోలేదు.

మరి పాత రౌటర్‌తో ఎందుకు వచ్చింది అంటే అది 13కి ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి. కొత్తది ఆటోలో ఉంది, మా అపార్ట్‌మెంట్లో ఫ్లాట్‌కో రౌటర్, ఎక్కువమంది 1లోనో 6లోనో ఉన్నారు, ఇది ఖాళీ ఎక్కడుందా అని వెతుక్కుని పోయి 13లో కూర్చుంది. ఆపి ఆన్ చేసిన రోజు ఏదో కింది ఛానల్‌కి వచ్చి ఉంటుంది, రాత్రికి మళ్ళీ పైకి పోయింది, అందుకే ఒకరోజు వచ్చి మర్నాడు పోయింది. పాపం ఆ కార్డు తప్పేమీ లేదు.

ఆటో తీసేసి 11 పెట్టి సేవ్ కొట్టాను. మా దగ్గర అది కాస్త ఖాళీగా ఉంది, మీ చుట్టూ ఎలా ఉందో ఫోన్లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ వేసి చూసుకుంటే తెలుస్తుంది, 1, 6, 11 ఈ మూడిట్లో ఏది ఖాళీ అయితే అది పెట్టండి, ఇవి ఒకదాని మీద ఒకటి పడవు. మా ఇంట్లో వైఫై అందరికీ ఓ అర నిమిషం పోయింది, తర్వాత ల్యాప్‌టాప్ లిస్టులో అన్నిటికంటే పైన, నిండు గీతలతో మన పేరు! అర్ధరాత్రి పన్నెండు దాటింది గానీ నాన్నని లేపి చూపించాను.

మీ దగ్గర పేరు కనబడి కూడా కనెక్ట్ అవకపోతే కథ వేరు. పాత ల్యాప్‌టాప్, కొత్త రౌటర్ అయితే ముందు రౌటర్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ చూడండి, డబ్ల్యూపీఏ3 అనే కొత్త రకం వైఫై భద్రత ఒక్కటే పెట్టి ఉంటే పాత కార్డులు చాలావాటికి అది రాదు, దాని ముందు తరం డబ్ల్యూపీఏ2 పెడితే వెంటనే పట్టుకుంటాయి. కనెక్ట్ అయ్యి నెట్ రాకపోతే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబర్) చూడండి, 169.254 అని మొదలైతే రౌటర్ దానికి అడ్రస్ ఇవ్వలేదని అర్థం. షాపుకి తీసుకెళ్ళే ముందు మాత్రం దయచేసి ఒక్కసారి ఫోన్ హాట్‌స్పాట్‌తో కలిపి చూడండి, ఖర్చు లేని పని.

ఆదివారం ఏడింటికి నాన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. మేనకోడలికి ముందు పన్ను ఊడిందట, నోరు తెరిచి కెమెరాకి ఆనించి చూపించింది, స్క్రీన్ నిండా ఆ సందే. నాన్న నవ్వు వంటింట్లోకి వినబడింది.

రౌటర్ మీద తెల్ల టేప్ ముక్క అంటించి "ఛానల్ 11, ఆటో పెట్టొద్దు" అని రాశాను. రేపు ఎవరైనా వచ్చి రీసెట్ కొడితే మళ్ళీ ఆటోకే పోతుంది, అప్పుడు నేను ఊళ్ళో లేకపోయినా నాన్నకి తెలియాలి కదా.