హెల్మెట్ వాసన, విశాఖ ఉక్కపోత: నా అనుభవం

మా బాబు మెడ ఎప్పుడూ ఒకవైపే తిప్పి పడుకోవడంతో తల వెనక భాగం చదునైంది. ఫిజియోథెరపీతో పాటు తల ఆకారాన్ని సరిదిద్దే హెల్మెట్ కూడా రాశారు. రోజుకు 23 గంటలు పెట్టుకోవాలి. స్నానం, హెల్మెట్ శుభ్రం చేయడం, ఆరబెట్టడం అన్నీ మిగిలిన గంటలోనే. వేసవిలో మా ఎం.వి.పి. కాలనీలో పిండి ఆరేసిన బట్టలే ఓ పట్టాన ఆరవు, ఇక హెల్మెట్ సంగతి చెప్పాలా!

కొత్తలో చెమట ఎక్కువగా పడుతుందని, కొద్ది రోజుల్లో ఒళ్లు అలవాటు పడుతుందని ఆర్థోటిస్ట్ (హెల్మెట్ అమర్చే నిపుణులు) ముందే చెప్పారు. చెమట తగ్గింది గానీ, పులిసిన మజ్జిగ లాంటి వాసన మాత్రం పోలేదు. లోపలి ఫోమ్ అంచున తెల్లగా ఉప్పు చార, దానికి అంటుకుని రెండు మూడు మెత్తటి వెంట్రుకలు.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు. 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు గుడ్డతో లోపలంతా తుడవాలి, మూలల్లో మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దాలి. దుకాణంలో సర్జికల్ స్పిరిట్ ఇవ్వబోయారు. కొన్ని రకాల్లో ఆముదం కలుస్తుంది కాబట్టి సీసా మీద చదివి అడిగిందే తెచ్చుకున్నాను. నీళ్లలో నానబెట్టకూడదు. ఎండ, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. వేడికి ప్లాస్టిక్ ఆకారం మారితే చికిత్సే దెబ్బతింటుంది.

అసలు చిక్కు ఆరబెట్టడంలోనే ఉంది. గాలి బాగా వస్తుందని బాల్కనీలో పెడితే ఆ గాలే చెమ్మగా ఉండేది. చివరికి పడకగదిలో ఏసీని గాలిలో చెమ్మ లాగేసే డ్రై మోడ్‌లో పెట్టి, హెల్మెట్ లోపలికి గాలి కొట్టేలా టేబుల్ ఫ్యాన్ తిప్పాను. స్నానానికి ముందే తుడిచి ఫ్యాన్ ముందు పెట్టేస్తే, బాబు తల తుడిచేసరికి అదీ ఆరుతుంది. ఆల్కహాల్ ఘాటు పూర్తిగా పోయాకే, జుట్టు కుదుళ్లు కూడా పొడిగా ఉన్నాయని వేలితో చూశాకే తొడిగేదాన్ని.

ఇంకో యుద్ధం ఇంట్లోనే. "మాడున చెమురు పెట్టకుండా పిల్లాడికి నీళ్లు పోస్తారా అమ్మాయ్?" అని మా అత్తగారు. హెల్మెట్ కింద నూనె, పౌడరు రెండూ వద్దన్నారని చెబితే ఓ పట్టాన నమ్మలేదు. "కాళ్లకీ చేతులకీ ఎంతైనా పట్టించండి అత్తయ్యా" అన్నాక ఒప్పుకున్నారు. తలకు రోజూ పిల్లల షాంపూ మాత్రమే. హెల్మెట్ తీసినప్పుడు కనిపించే ఎర్ర మచ్చలు గంటలోపు తగ్గకపోతే ఫోన్ చేయమన్నారు, ఒకసారి చేశాను కూడా. లోపల కాస్త అరగదీసి ఇచ్చారు.

ఇంత చేసినా అప్పుడప్పుడు వాసన వస్తుంటే పక్కనున్న వెల్క్రో పట్టీ చూడండి. బాబు కక్కిన పాలు అందులోకి చేరి, నూగుతో కలిసి గట్టిపడతాయి. ఫోమ్ మీద అనుమానంతో నేను దాన్ని చాలా ఆలస్యంగా చూశాను. దువ్వెన పంటితో నూగు లాగేసి, అదే ఆల్కహాల్‌తో తుడిస్తే చాలు.