డిగ్రీలో చదవడం నేర్చుకున్న తీరు: నా అనుభవం

గత వారం మా డిగ్రీ చివరి సెమిస్టరు ఫలితాలు వచ్చాయి. చరిత్ర సబ్జెక్టులో మా తరగతి మొత్తానికి నాకే ఎక్కువ మార్కులు వచ్చాయి, ఆ సంతోషం నాకుంది. ఈ మూడేళ్లలో నేను సంపాదించుకున్నది మాత్రం వేరే ఉంది. ఒక అధ్యాయాన్ని ఎవరి సాయమూ లేకుండా చదివి, అందులో రచయిత ఏమంటున్నాడో, దేని ఆధారంగా అంటున్నాడో, ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో నా సొంత మాటల్లో చెప్పగలుగుతున్నాను. ఇది నాకు కళాశాల నేర్పలేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను, కానీ ఇందులో అబద్ధం లేదు.

మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లెటూరు. ఇంటర్మీడియట్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, విజయనగరంలోని ఒక కళాశాలలో బి.ఎ.లో చేరాను. ప్రవేశం, రైలు పాసు, ఉపకారవేతనం కాగితాలు పెద్ద ఇబ్బంది లేకుండా జరిగిపోయాయి. రాష్ట్రంలో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మారినందువల్ల మా పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. మొదటి సంవత్సరం గైడ్లతో గడిచిపోయింది. పరీక్షకు పదిహేను ప్రశ్నలు, వాటికి అచ్చేసిన జవాబులు, ఆ జవాబుల్లో బట్టీ పట్టవలసిన వాక్యాల కింద గీతలు. అవి అమ్మేవాళ్ల మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. విద్యార్థి పుస్తకం తెరవనవసరం లేకుండా చేయడమే వాళ్ల వ్యాపారం. మా అధ్యాపకుల్లో కొందరు ఏ గైడు కొనాలో తరగతిలోనే చెప్పేవారు.

రెండో సంవత్సరంలో సెమినారు తరగతి మొదలైంది. ఒక రోజు బెంగాలులో ప్రవేశపెట్టిన శాశ్వత శిస్తు విధానం, అంటే జమీందార్లు ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానికి కట్టే భూమిశిస్తును ఎప్పటికీ మారకుండా నిర్ణయించిన పద్ధతి మీద పాఠం. అధ్యాపకుడు నన్ను లేపి ఒక పేజీ పైకి చదవమన్నారు. తప్పు లేకుండా, స్పష్టంగా చదివాను. చదవడం పూర్తయ్యాక పుస్తకం మూయించి, "రచయిత ఏమంటున్నాడు?" అని అడిగారు. 1793లో గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ ఈ విధానాన్ని తెచ్చాడని, జమీందారు తనకు వసూలైన శిస్తులో పదకొండింట పది వంతులు కంపెనీకి చెల్లించాలని, గడువు రోజు సూర్యాస్తమయంలోగా కట్టకపోతే అతని జమీ వేలానికి వెళ్లేదని చెప్పాను. అన్నీ సరైనవే. "అవి పేజీలో ఉన్న సంగతులమ్మా. రచయిత ఏమంటున్నాడని అడుగుతున్నాను" అన్నారు. ఆ ప్రశ్నే నాకు అర్థం కాలేదు. పాఠ్యపుస్తకం వెనుక ఒక మనిషి ఉంటాడని, అతను మరొకరి మాటను కాదంటూనో సమర్థిస్తూనో రాస్తాడని అప్పటివరకు నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. పుస్తకంలో ఉన్నదంతా ఒకే గొంతుతో చెప్పిన నిజమనీ, దాన్ని గుర్తుపెట్టుకోవడమే చదువనీ మాకు పన్నెండేళ్లపాటు అలవాటు చేశారు.

నేను మాట్లాడకుండా నిలబడ్డాను. ఆయన తరగతి వైపు తిరిగి, "చూశారా, చిలకలాగా చదివేసింది. తెలుగు మీడియంలో బట్టీ పట్టి వచ్చిన వాళ్లను డిగ్రీలో కూర్చోబెడితే ఇలాగే ఉంటాది" అన్నారు. వెనుక బెంచీల్లో నవ్వారు. నన్ను గంట కొట్టేవరకు కూర్చోనివ్వలేదు. ఆ తరవాత చాలా రోజులు క్యాంటీను దగ్గర కొందరు నన్ను "పదకొండింట పది" అని పిలిచేవారు. పేరు పెట్టి పిలవడం కూడా మానేశారు. చీపురుపల్లి వెళ్లే రైల్లో కిటికీ పక్కన కూర్చుని, నెల్లిమర్ల దాటి గరివిడి వచ్చేవరకు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లేదాన్ని. చదువు మానేస్తానని ఇంట్లో చెప్పాలనుకున్న సాయంత్రాలు కూడా ఉన్నాయి.

ఆ రోజు గురించి నాకు ఇప్పటికీ మండేది నవ్వినవాళ్ల సంగతి కాదు. తరగతి ముగిసేదాకా ఆయన ఆ ప్రశ్నకు సమాధానం చెప్పలేదు. నాకే కాదు, నవ్విన వాళ్లకూ చెప్పలేదు. ప్రశ్న మంచిది. మూడేళ్లలో నన్ను ఎవరైనా అడిగిన ప్రశ్నల్లో అదే అన్నింటికన్నా మంచిదని ఈ రోజు ఒప్పుకుంటాను. ఆయనకు సమాధానం తెలుసు. తెలిసినది చెప్పడానికే ప్రభుత్వం ఆయనకు జీతం ఇస్తోంది. రాని పిల్లను నిలబెట్టి నవ్వించడం బోధన కిందకు రాదు.

మా ఊళ్లో పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు ఒకరున్నారు. మా అమ్మ నన్ను ఆయన దగ్గరకు ఇంగ్లీషు నేర్చుకోమని పంపింది. ఆయన నా పుస్తకం పక్కన పెట్టి, ఆ రోజు తెలుగు దినపత్రికలో ధాన్యం కొనుగోలు మీద వచ్చిన సంపాదకీయం చేతికిచ్చి, "ఇది చదివి, ఈయన ఎవరి మాట కాదంటున్నాడో చెప్పమ్మా" అన్నారు. నేను కొనుగోలు కేంద్రాల సంగతి, తేమ శాతం సంగతి, రైతుల ఇబ్బందుల సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, "నీ లోటు ఇంగ్లీషులో లేదమ్మా. తెలుగులోనూ నువ్వు సంగతులే ఏరుకుంటున్నావు, వాదన పట్టుకోవడం లేదు" అన్నారు. సెమినారు తరగతిలో ఒక గంటలో దొరకనిది ఈ రెండు వాక్యాల్లో దొరికింది.

ఆయన లెక్కల మనిషి కాబట్టి పదో తరగతి రేఖాగణితం నుంచే దారి చూపారు. సిద్ధాంతానికి రాసినట్టే ప్రతి వ్యాసానికీ నోటుపుస్తకంలో మూడు గళ్లు గీయించారు: ఒకటి దత్తాంశం, రెండోది నిరూపించవలసినది, మూడోది ఉపపత్తి. రచయిత, అతని ప్రత్యర్థి ఇద్దరూ ఒప్పుకునే సంగతులు మొదటి గడిలోకి వెళ్లాలి. రచయిత మనచేత ఒప్పించాలని చూస్తున్న మాట రెండో గడిలో ఒకే వాక్యంగా ఉండాలి. దానికి అతను చూపిన ఆధారాలు మూడో గడిలోకి రావాలి. రెండో గడి నిండకపోతే ఆ పేజీ చదివినట్టు లెక్క కాదనేవారు. సంపాదకీయాలతో కొన్ని వారాలు ఇదే పని చేయించారు. ఆ తరవాతే ఇంగ్లీషు పుస్తకం తెరవనిచ్చారు.

అప్పుడు నన్ను నిలబెట్టిన ఆ పేజీనే మళ్లీ తీశాను. శిస్తు ఎప్పటికీ పెరగదన్న భరోసా ఉంటే జమీందారు భూమి మీద పెట్టుబడి పెడతాడని, సేద్యం వృద్ధి చెందుతుందని ఉన్న మొదటి సగం అసలు రచయిత అభిప్రాయమే కాదు, కంపెనీ అధికారులు పెట్టుకున్న ఆశ. రచయిత దాన్ని వివరంగా చెప్పింది తరవాత కాదనడానికే. శిస్తు మొదటే ఎక్కువగా నిర్ణయించినందువల్ల చాలా జమీలు వేలానికి వెళ్లాయనీ, జమీందారు కంపెనీకి కట్టేది స్థిరపడింది గాని రైతు జమీందారుకు కట్టేది స్థిరపడలేదనీ, అందువల్ల భారం కిందివాడి మీదే పడిందనీ రెండో సగంలో ఉంది. రెండో గడిలో నేను రాసిన వాక్యం ఇది: "స్థిరత్వం ప్రభుత్వానికి దక్కింది, రైతుకు దక్కలేదు." రచయిత ఏమంటున్నాడన్న ప్రశ్నకు సమాధానం అదే.

అప్పటి నుంచి చదివేటప్పుడు ప్రతి పేరా దగ్గర "ఈ మాట ఎవరిది?" అని అడగడం అలవాటైంది. "నిర్ణయించబడింది", "భావించబడింది" వంటి వాక్యాలు ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో విపరీతంగా ఉంటాయి. ప్రతిచోటా నిర్ణయించినవాడెవడో వెతికి పెన్సిలుతో పక్కన రాసుకుంటాను. కథారచయిత కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయానికి మాస్టారు నన్ను పంపినది కూడా ఇందుకే. కథ చెప్పే పాత్ర మాట, కథ రాసినవాడి మాట ఒకటి కాకపోవచ్చన్నది అక్కడ పాత పత్రికల్లో కథలు చదువుతూ పట్టుకున్నాను. కథలు చదవడం చరిత్ర విద్యార్థికి కాలక్షేపం అనేవాళ్లతో నేను ఏకీభవించను.

రెండో అలవాటు, చదివాక పుస్తకం మూసి, చూడకుండా నాలుగు వాక్యాలు తెలుగులో రాయడం. ఇది కొత్త సంగతి కాదు. ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1946లోనే, ముందు అధ్యాయమంతా పైపైన చూడడం, ప్రశ్నలు వేసుకోవడం, చదవడం, చూడకుండా చెప్పుకోవడం, మళ్లీ సరిచూసుకోవడం అనే అయిదు మెట్ల పద్ధతిని విద్యార్థులకు ఇచ్చాడు. 2006లో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల చేత చిన్న వ్యాసాలు చదివించి చూశారు. అయిదు నిమిషాల తరవాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ చెప్పారు. వారం తరవాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు ఎక్కువ గుర్తుంది. పరీక్ష ముందు రాత్రి గైడు పదిసార్లు తిప్పినవాడు మర్నాడు గట్టెక్కి, తరవాత ఏమీ మిగలక ఖాళీగా ఉండడానికి కారణం ఇందులోనే కనిపిస్తుంది. రంగు పెన్నుతో పేజీ అంతా గీయడం కూడా చదవడం కాదు, ఆ పెన్నులు కొనకండి.

మా కళాశాల గ్రంథాలయం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మంచి పుస్తకాలన్నీ తాళం వేసిన బీరువాల్లో ఉండేవి. అవి రిఫరెన్సు పుస్తకాలని, ఇంటికి ఇవ్వకూడదని అనేవారు. అక్కడే కూర్చుని చదువుకుంటానంటే తాళాలు ఫలానా ఆయన దగ్గర ఉన్నాయని, ఆయన సెలవులో ఉన్నారని అనేవారు. దీనికి నేను కనిపెట్టిన ఉపాయం ఒకటే: పుస్తకం పేరు, బీరువా సంఖ్య రాసి, సంతకం పెట్టి, కాగితం రూపంలో అడగాలి. నోటితో అడిగినదానికి లేదనడం సులువు, కాగితం మీద లేదని రాయడానికి జంకుతారు. నాకు తాళం తెరుచుకున్నది అలాగే.

ఆ బీరువాలోని పుస్తకాల్లోనే మా ప్రాంతం సంగతి దొరికింది. కంపెనీ సైన్యంతో జరిగిన 1794 పద్మనాభం యుద్ధంలో విజయనగరం రాజు చిన విజయరామరాజు మరణించడం, 1802లో ఈ జమీకి కూడా శాశ్వత శిస్తు రావడం, 1908 చట్టంతో జమీందారీ రైతుకు భూమి మీద హక్కు గట్టిపడడం, 1948 చట్టంతో జమీందారీలు రద్దు కావడం వరసగా చదివాను. మా తాతయ్య పట్టా కాగితం ఇంట్లో పెట్టెలో ఎందుకు అంత భద్రంగా ఉందో అప్పుడు తెలిసింది. చివరి సంవత్సరం సెమినారుకు ఇదే విషయం తీసుకుని, కాగితం లేకుండా మాట్లాడాను. ఆ అధ్యాపకుడే ఎదురుగా ఉన్నారు. 1908 చట్టం వల్ల కౌలుదారుకు ఏం ఒరిగిందని అడిగారు. నేను చదివిన రచయిత పట్టా రైతు గురించే వాదిస్తున్నాడని, కౌలుదారు గురించి ఆ అధ్యాయంలో ఆధారం చూపలేదని చెప్పాను. ఆయన తల ఊపి కూర్చోమన్నారు. ఇప్పుడు ఆదివారాలు మా ఊరి ఇంటర్మీడియట్ పిల్లలు కొందరు సంపాదకీయాలు పట్టుకుని మా అరుగు మీదకు వస్తున్నారు, వాళ్ల చేత మూడు గళ్లు గీయిస్తున్నాను.