చిగుళ్ల లోతు కొలిపించుకున్నాక

పళ్లు తోముకునేటప్పుడు నురగలో నెత్తురు కనిపించడం, కింది దవడలో ఒక పన్ను కాస్త కదలడం తప్ప నాకు నొప్పి అంటూ ఏమీ లేదు. ఏళ్లుగా షుగరుకు మందులు రాస్తున్న డాక్టరుగారే చిగుళ్లు చూపించుకోమని గట్టిగా చెప్పడంతో హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లాను.

చిగుళ్ల విభాగంలో పీజీ చదువుతున్న డాక్టరమ్మ, మిల్లీమీటరు గీతలున్న సన్నని పరికరాన్ని పంటికీ చిగురుకూ మధ్య మెల్లగా దించి, ఒక్కో పన్నుకు ఆరు చోట్ల లోతు కొలుస్తూ "మూడు, రెండు, ఆరు" అని పైకి చెబుతుంటే, పక్కనున్న విద్యార్థి ఆ అంకెలను చార్టులో వేసుకుంటూ, నెత్తురు వచ్చిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టాడు. 3 మిల్లీమీటర్ల వరకు భయం లేదని, అంతకు మించి లోతు ఉండి నెత్తురు వస్తుంటే చిగుళ్ల జబ్బును అనుమానించాలని ఆమె వివరించారు. వెనక దవడ పళ్ల దగ్గర 7 కూడా వినబడింది. పైకి మామూలుగా ఉన్న చిగురు కింద ఎముక కరిగిపోతోందన్న సంగతి, ఆ చార్టునూ ఎక్స్‌రేనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే గాని నాకు బోధపడలేదు. లోతు కొలవకుండా పైపైన చూసి క్లీనింగ్ చాలునని చెప్పేస్తే అది పరీక్ష కాదని నా గట్టి అభిప్రాయం.

షుగరు రిపోర్టు కూడా అడిగారు. 2018లో ప్రచురితమైన చిగుళ్ల జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం, షుగరు ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) 7 శాతం, అంతకు మించి ఉంటే జబ్బు వేగంగా ముదిరే కోవలోకి చేరుస్తారట.

ఒక్కో వైపు మత్తు ఇంజెక్షను ఇచ్చి, చిగురు కింద పంటి వేరుకు పట్టిన గారను గీకి తీశారు. ఆ తరువాత చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమన్నాయి, పళ్ల మధ్య సందులు కూడా కనిపించాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయని మన వాళ్లు అనేది ఇది చూసే. నిజానికి అంతవరకు ఆ సందులను గార పూడ్చి ఉంచింది, వాచిన చిగురు కప్పి ఉంచింది. క్లోర్‌హెక్సిడిన్ నీళ్లు పుక్కిలించమన్నారు గాని, ఎక్కువ రోజులు వాడితే పళ్లకు గోధుమరంగు మరక పడుతుందని ముందే హెచ్చరించారు. సందుల్లో తిప్పే చిన్న బ్రష్షును మాత్రం రోజూ వాడక తప్పదు.

కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలిచినప్పుడు చాలాచోట్ల లోతు 3కు, 4కు తగ్గింది. కదులుతున్న పన్ను దగ్గర, పంటి వేర్లు రెండూ చీలే చోట మాత్రం 6 అలాగే ఉండిపోయింది. బ్రష్షు గాని మామూలు పరికరం గాని అక్కడికి సరిగా చేరదు కాబట్టి, చిగురును కోసి తెరిచి, లోపలి గారను కంటితో చూస్తూ తీసి, కుట్లు వేశారు. ఆపరేషను కన్నా కుట్లు విప్పేదాకా ఆ వైపు నమలకుండా ఉండడమే ఎక్కువ కష్టమనిపించింది.

ఇప్పుడు మూడు నెలలకోసారి వెళ్లి శుభ్రం చేయించుకుంటూ, వెళ్లినప్పుడల్లా చార్టు నకలు అడిగి తెచ్చుకుంటున్నాను. ఆ పన్ను దగ్గర లోతు 4కు వచ్చింది. కదలిక కొంత మిగిలే ఉన్నా తీయించాల్సిన అవసరం లేదని డాక్టరమ్మ చెప్పారు.