ఇంజిన్ డ్రైవ్ బెల్టుల మార్పిడి: బిగువు కుదరడానికి పట్టిన నాలుగు వారాలు

మొదటి శనివారం. ఓడోమీటర్ 96,420 కి.మీ.

చల్లగా ఉన్న ఇంజిన్‌ను ఉదయం స్టార్ట్ చేయగానే నాలుగైదు సెకన్ల పాటు కీచుమని అరిచి ఆగిపోయే శబ్దం నెల రోజులుగా వినిపిస్తోంది. హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటర్ వేసి ఉంచిన రోజున ఆ అరుపు ఇంకాస్త సాగుతోంది. కారుకు కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ మీద భారం పెరిగినప్పుడే అరుస్తోంది కాబట్టి, దాన్ని తిప్పే బెల్టు జారుతోందని అనుమానించాను. అయితే పుల్లీలు (బెల్టు చుట్టుకుని తిరిగే చక్రాలు) ఒకే వరసలో లేకపోయినా బెల్టు కిచకిచమంటుంది కనుక, ఇంజిన్ ఐడిల్‌లో తిరుగుతుండగా చేతులు, దుస్తుల అంచులు దూరంగా ఉంచుకొని, స్ప్రే సీసాతో బెల్టు లోపలి వైపు కాసిని నీళ్లు చల్లి చూశాను. నీళ్లు పడగానే శబ్దం కాసేపు మాయమైతే తప్పు పుల్లీల వరసలో ఉన్నట్టు, పెరిగితే బిగువు చాలనట్టు లెక్క. నా విషయంలో పెరిగింది.

ఇంజిన్ ఆపి టార్చి వేసి చూస్తే బెల్టు మీద ఒక్క పగులైనా లేదు. అది చూసి బెల్టు బాగానే ఉందనుకోవడం పొరపాటు. పాతకాలపు నియోప్రీన్ బెల్టులు పగుళ్లతో వయసు చెప్పేవి. ఇప్పటి ఈపీడీఎం రబ్బరు బెల్టులు పగలకుండానే కారు టైరులాగా అరుగుతాయి. బెల్టు గట్ల మధ్యనున్న లోయలు వెడల్పై, పుల్లీ మీది గట్లు ఆ లోయల అడుగును తాకడం మొదలైతే, ఎంత బిగించినా పట్టు దొరకదు.

నా ఇంజిన్‌లో ఇలాంటివి రెండున్నాయి: బయటిది ఏసీ కంప్రెసర్‌ను తిప్పుతుంది, లోపలిది ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును తిప్పుతుంది. రెండింటికీ బిగువును తానే చూసుకునే స్ప్రింగు టెన్షనర్ లేదు. (కవరు లోపల ఉండే టైమింగ్ బెల్టు వేరే సంగతి, దాన్ని ఈ పద్ధతిలో ముట్టుకోకూడదు.) లోపలి బెల్టు వీపు మీద 4పీకే850 అని ఉంది. అంటే నాలుగు గట్లు, గట్టుకూ గట్టుకూ మధ్య 3.56 మి.మీ. దూరం ఉండే పీకే తరగతి, 850 మి.మీ. పొడవు. పాత బెల్టును దారంతో కొలిచి కొత్తది తెప్పించుకోవడం కన్నా ఈ అంకెను నమ్ముకోవడం మేలు, ఎందుకంటే పాతది ఎంతో కొంత సాగి ఉంటుంది.

రెండో శనివారం.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదట బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాను. ఆల్టర్నేటర్ వెనక ఉండే లావుపాటి తీగలో ఇంజిన్ ఆపినా కరెంటు ఉంటుంది. పానా దానికీ బాడీకీ ఒకేసారి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, కారును జాకీతో లేపి, స్టాండు మీద దించి, కుడి ముందు చక్రాన్ని, దాని లోపలి ప్లాస్టిక్ కవరును తీశాను. ఏ బెల్టు ఏ పుల్లీ మీదుగా వెళ్తోందో కాగితం మీద గీసుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది, ఆ కాగితం తర్వాత మూడుసార్లు పనికొచ్చింది.

బయటి బెల్టు తీయనిదే లోపలిది రాదు. ఏసీ బెల్టుకు నడుమ ఒక ఐడ్లర్ పుల్లీ ఉంది, అది దేన్నీ తిప్పదు, బెల్టును బిగువుగా ఉంచడానికే. దాని మధ్య నట్టు వదులు చేసి, కింది అడ్జస్టింగ్ బోల్టు తిప్పితే బెల్టు జారిపోయింది. ఆల్టర్నేటర్ దగ్గర మాత్రం తొందరపడ్డాను. పై బ్రాకెట్‌లోని లాక్ బోల్టు వదులు చేసి అడ్జస్టింగ్ బోల్టు తిప్పుతూ పోతే, అయిదు చుట్లకే అది మొండికేసింది. ఆల్టర్నేటర్ ఏ బోల్టు మీద ఊగుతుందో ఆ కింది పొడవాటి బోల్టును వదులు చేయడం మరిచిపోయాను. ఇంకొంచెం బలం వాడి ఉంటే మర పోయేది.

బెల్టులు లేనప్పుడు ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూసే అవకాశం మళ్లీ రాదు. ఆల్టర్నేటర్ మెత్తగా తిరిగింది, వాటర్ పంపు పుల్లీని పట్టుకుని అటూఇటూ ఊపినా కదలిక లేదు. ఐడ్లర్ పుల్లీ మాత్రం బేరింగ్‌లో ఇసుక పోసినట్టు గరగరలాడింది. దాన్ని మార్చకుండా కొత్త బెల్టు వేయడం దండగ కనుక పని అక్కడే ఆపి, పుల్లీ తెప్పించుకున్నాను.

మూడో శనివారం.

పుల్లీల గాళ్లను పొడి గుడ్డతో, పాత పళ్లబ్రష్‌తో శుభ్రం చేశాను. అరుపు ఆపడానికంటూ బెల్టు మీద చల్లే స్ప్రేల జోలికి పోలేదు. అవి జిగురుగా మారి దుమ్మును పట్టి ఉంచుతాయి. లోపలి బెల్టు ఎక్కించి కొద్దిగా బిగించాక, ఇంజిన్ బలంతో బెల్టులను తిప్పే క్రాంక్ పుల్లీ కింద వేలు పెట్టి తడిమితే, ఒక గట్టు పుల్లీ అంచు దాటి బయటికి వేలాడుతోంది. పై నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది. అలాగే స్టార్ట్ చేసి ఉంటే బెల్టు అంచు చీలికలై ఊడేది. సరిచేశాక సాకెట్‌తో క్రాంక్‌ను ఇంజిన్ తిరిగే దిశలోనే రెండు చుట్లు తిప్పి, గట్లన్నీ గాళ్లలో కూర్చున్నాయని మళ్లీ వేలితో చూసుకున్నాను.

ఇక అసలు పని బిగువు. బెల్టును వేళ్లతో మెలితిప్పి, తొంభై డిగ్రీలు తిరిగితే చాలనే పద్ధతిని నేను నమ్మను, ఎవరి వేళ్ల బలం వారిది. నా కారు మాన్యువల్ రెండు పుల్లీల నడుమ 10 కిలోల బలంతో నొక్కితే కొత్త బెల్టు 8–9 మి.మీ., కొంత తిరిగిన బెల్టు 10–11 మి.మీ. దిగాలని చెబుతోంది; ఈ అంకెలు ఇంజిన్‌ను బట్టి మారతాయి. పుల్లీల మీదుగా ఉక్కు స్కేలు ఆనించి, కొక్కెమున్న స్ప్రింగ్ త్రాసుతో బెల్టును లాగి కొలిచాను. లాక్ బోల్టు బిగించేటప్పుడు బిగువు కాస్త మారుతుంది కాబట్టి, మూడోసారికి గానీ 8.5 దగ్గర ఆగలేదు.

దీన్ని ఇంకో దారిలో సరిచూశాను. తీగ వాయిద్యాన్ని శ్రుతి చేసినట్టే బెల్టును మీటి, ఫోన్‌లోని యాప్‌తో ఆ నాదం ఎన్ని హెర్ట్జ్‌లో చూడవచ్చు. మీటరు పొడవు బెల్టు బరువును కిలోల్లో తీసుకుని, దాన్ని నాలుగుతోను, పుల్లీల మధ్య నిడివి వర్గంతోను, హెర్ట్జ్ వర్గంతోను గుణిస్తే బిగువు న్యూటన్లలో వస్తుంది. ఎక్కించకముందు తూచిన కొత్త బెల్టు 68 గ్రాములు, అంటే మీటరుకు 0.08 కిలో, నిడివి 0.25 మీటరు. కాబట్టి నా బెల్టుకు హెర్ట్జ్ వర్గాన్ని 0.02తో గుణిస్తే చాలు. యాప్ 190 చూపింది: 722 న్యూటన్లు. స్కేలు కొలతతో ఇది చక్కగా సరిపోయింది. యాప్ ఒక్కోసారి రెట్టింపు అంకె చూపుతుంది, అందుకే మూడుసార్లు మీటి చూడాలి.

మరుసటి రోజు, ఆదివారం.

నలభై కిలోమీటర్లు తిరిగి, ఇంజిన్ చల్లారాక కొలిస్తే 158 హెర్ట్జ్, స్కేలు మీద 12 మి.మీ. చూపింది. హెర్ట్జ్‌లో తగ్గింది ఆరో వంతే, కానీ వర్గం లెక్కలో బిగువు 499 న్యూటన్లకు, అంటే దాదాపు మూడో వంతు పడిపోయింది. కొత్త బెల్టు గాళ్లలో సర్దుకునేటప్పుడు ఇది మామూలే. మళ్లీ 190కి లాగాలని చేయి వెళ్లింది గానీ, తిరిగిన బెల్టుకు కొత్త బెల్టు అంకె వాడితే వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బేరింగుల మీద అనవసరపు భారం పడుతుంది. అందుకని 172 దగ్గర, అంటే 590 న్యూటన్ల దగ్గర ఆపాను. స్కేలు మీద 10 మి.మీ. ఏసీ బెల్టు కొంచెమే వదులైంది, అడ్జస్టింగ్ బోల్టు పావు చుట్టు తిప్పితే సరిపోయింది.

నాలుగో శనివారం. ఓడోమీటర్ 96,790 కి.మీ.

లోపలి బెల్టు 170 హెర్ట్జ్, 10 మి.మీ. ఏసీ బెల్టు గత వారం ఉన్నచోటనే ఉంది. లైట్లు, హీటర్ అన్నీ వేసి, వాన తడిసిన ఉదయం స్టార్ట్ చేసినా అరుపు లేదు. ప్లాస్టిక్ కవరు బిగిస్తుంటే ఒక క్లిప్పు విరిగింది, దాని స్థానంలో ప్రస్తుతానికి కేబుల్ టై ఉంది.