ఫిర్యాదుల పుస్తకం లేని ప్రాంగణాలు

తిరుపతిలోని చాలా మహిళా హాస్టళ్లలో గేటు దగ్గర ఔటింగ్ రిజిస్టరు ఉంటుంది. పేరు, గది నంబరు, వెళ్లిన వేళ, తిరిగొచ్చిన వేళ, సంతకం. కాస్త ఆలస్యమైనా ఇంటికి ఫోను వెళ్తుంది. అదే అమ్మాయి, గ్రంథాలయం నుంచి హాస్టలుకు వచ్చే దారిలో ఎవరో బైకు మీద రోజూ వెంటపడుతున్నాడని చెబితే మాత్రం, ఆ మాట ఎక్కడా నమోదు కాదు. ఇక్కడే ఒక కళాశాలలో చదువుతున్న మా అక్క కూతురికి ఎదురైనది సరిగ్గా ఇదే. వాచ్‌మన్ వార్డెన్‌కు చెప్పమన్నాడు. ఆమె "ఒంటరిగా రావద్దమ్మా, కాలేజీ పేరు పోతుంది" అని పంపించేశారు. "రాసిమ్మని కూడా అడగలేదు పిన్నీ" అని మా పిల్ల చెప్పినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆడపిల్ల వెంటపడి వేధించడం, ఐపీసీ స్థానంలో వచ్చిన నేరాల చట్టం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. ఇటువంటి కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చేయగల నేరం, జరిగినట్టు సమాచారం అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి తీరాలని లలితా కుమారి కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ర్యాగింగ్ విషయంలో మన చట్టం ఇంకా గట్టిది: 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం, ఫిర్యాదు అందినా చర్య తీసుకోని విద్యాసంస్థ అధిపతి ఆ నేరానికి తోడ్పడినట్టే లెక్క. ఇంత స్పష్టంగా రాసి ఉన్నా, ఫిర్యాదు అందిందనడానికి కాగితమే లేనప్పుడు ఏ అధిపతిని ఏమని నిలదీస్తాం?

జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రచురించే లెక్కల్లో రాష్ట్రాల, జిల్లాల వివరాలు ఉంటాయి కానీ, ఫలానా కళాశాలలో ఏం జరిగిందో ఉండదు. అమెరికాలో ఈ లోటును ఒక తల్లిదండ్రుల పోరాటం తీర్చింది. 1986లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. ఆమె తల్లిదండ్రుల పట్టుదల వల్ల 1990లో వచ్చిన చట్టానికి తర్వాత ఆమె పేరే పెట్టారు. ఆ చట్టం ప్రకారం, ప్రభుత్వ ఆర్థిక సాయం పొందే ప్రతి విద్యాసంస్థా ప్రాంగణంలో జరిగిన నేరాల లెక్కలను ఏటా అక్టోబరు 1 లోగా ప్రకటించాలి. సొంత భద్రతా విభాగం ఉన్నచోట, అందిన ప్రతి ఫిర్యాదునూ రెండు పనిదినాల్లో నేరాల దినచర్య పుస్తకంలోకి ఎక్కించాలి. ఆ పుస్తకాన్ని ఎవరైనా అడిగి చూడవచ్చు. అక్కడ నేరాలు ఆగిపోయాయని నేను అనను. దాచిపెట్టడం మాత్రం కష్టమైంది.

శేషాచలం అంచున ఉన్న మన ప్రాంగణాల్లో చిరుత తిరుగుతోందని తెలిస్తే చాలు, నిమిషాల్లో హెచ్చరికలు వెళ్తాయి, అటవీ సిబ్బంది వస్తారు. అందువల్ల ఏ కళాశాల పరువూ పోలేదు. మనుషుల వల్ల వచ్చే ప్రమాదాన్ని కూడా అలాగే చెప్పాలని కోరడం అత్యాశ కాదు. ఫిర్యాదుల సంఖ్య సున్నా అని గర్వంగా చెప్పే కళాశాల కంటే, ఇన్ని వచ్చాయి, ఇన్నింటిపై ఈ చర్య తీసుకున్నాం అని చెప్పే కళాశాలకే నేను మా పిల్లలను పంపుతాను. పలమనేరు నుంచో పీలేరు నుంచో పిల్లలను చేర్పించడానికి వచ్చే తల్లిదండ్రులు ఫీజులతో పాటు ఈ లెక్క కూడా అడగాలి. బాధితుల పేర్లు అందులో ఉండనక్కర్లేదు. తేదీ, చోటు, ఫిర్యాదు ఏ రకానిదో, ఏం చేశారో ఉంటే చాలు.

మా పిల్ల చివరకు తేదీలు, వేళలు, బైకు నంబరు ఒక తెల్లకాగితం మీద రాసుకుని, నన్ను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషనుకు వెళ్లింది. మీరూ వెళ్లవలసి వస్తే, నేరం తమ పరిధిలో జరగలేదన్న కారణంతో స్టేషను వారు ఫిర్యాదును తిప్పి పంపకూడదని, పోలీసు, కోర్టు విచారణ పద్ధతులను చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం ఎక్కడైనా సమాచారం ఇవ్వవచ్చని గుర్తుంచుకోండి. ఎఫ్‌ఐఆర్ ప్రతిని ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.