కాలనీ సంఘం బాధ్యత తీసుకున్నాక

పోయినేడాది మా కాలనీ సంక్షేమ సంఘానికి అధ్యక్షుడిగా ఉంటానని నేనే ముందుకొచ్చాను. హైదరాబాద్‌లో ఇలాంటి సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. ఏడుగురు కలిస్తే చాలు, సంఘం పెట్టొచ్చు. దాన్ని నిలబెట్టడమే కష్టం. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, లెక్కలన్నీ అందరి ముందూ ఉంచాలి.

నా మనసంతా నీళ్ల మీదే ఉంది. ఎండాకాలం వస్తే బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం ఎదురుచూసే కాలనీ మాది. అందుకే ముందు ఇంకుడు గుంతల పని పట్టుకున్నాం. పార్కు పక్కనున్న పాత గుంత మూత తీస్తే ఆకులు, ప్లాస్టిక్ కవర్లు, నల్లటి బురద. చుక్క నీరు దిగే దారి లేదు. పూడికంతా తీయించి, అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన దొడ్డు ఇసుక మళ్లీ పరిపించాం. ఎదురింటి పెద్దావిడ పనివాళ్లకు మజ్జిగ తెచ్చిచ్చి, "ఇన్నేళ్లలో దీని మూత తీసినవాళ్లే లేరు నాయనా" అన్నారు. ఆ రోజు నాకు కడుపు నిండిపోయింది.

మెయింటెనెన్స్ బకాయిల కోసం తలుపు తట్టాలంటే మాత్రం ఇప్పటికీ టెన్షనే. అయినా వెళ్తాను. చాలామంది డబ్బు లేక కాదు, ఖర్చుల లెక్క కనిపించక ఆపుతున్నారు. ఇప్పుడు ప్రతి నెలా బిల్లులతో సహా నోటీసు బోర్డు మీద పెడుతున్నాం.

ఆదివారం పొద్దున ఏడింటికి గుడి వెనక గుంత పూడిక తీస్తున్నాం. తట్టలు, పారలు ఉన్నాయి, వీలున్నవాళ్లు వచ్చేయండి.